జిరాఫీలో పంతొమ్మిదో వార్డు

ముచ్చెర్లపాడు పురపాలక సంఘం వారికి ఆఫ్రికా వెళ్ళడానికి ఇంకా పాస్‌పోర్టులైనా చేతికి రాలేదు. అక్కడి సింహాన్ని ఎవరు ముందు చూడాలన్నది మాత్రం తేలిపోయింది. ముందు ఛైర్మన్ ముత్యాల్రావు గారు చూడాలి. ఆయన తృప్తిగా చూసి, చూశానని తల ఊపాక వైస్ ఛైర్మన్ గంగరాజు గారు చూడాలి. ఆ తరువాత సభ్యులు, ప్రమాణ స్వీకారం చేసిన వరసలో, ఒకరి వెనక ఒకరు. ఆ వరసలో అందరికంటే చివర పంతొమ్మిదో వార్డు అచ్చియ్యమ్మ. ప్రమాణ స్వీకారం రోజున పిండిమరలో కరెంటు పోయింది. సగం ఆడిన బియ్యాన్ని వదిలేసి రావడానికి ఆవిడకు మనసొప్పలేదు. పిండి డబ్బాతో సహా ఆవిడ మునిసిపల్ ఆఫీసుకు చేరేసరికి మిగతా వాళ్ళు ప్రమాణాలు చేసేసి, లడ్డూలు కూడా తినేసి, చేతులు కడుక్కుంటున్నారు.

ఈ నియమం ఊరికే పుట్టలేదు. అంతకు ముందు ఏడాది బస్టాండు దగ్గర ఫౌంటెను ప్రారంభం జరిగింది. ఛైర్మన్ గారు మీట మీద వేలు పెట్టారు, ఇంకా నొక్కలేదు. పంపు నొక్కకుండానే చిమ్మింది. పక్కనున్న గంగరాజు గారు "ఆహా!" అన్నారు. అంటే ఫౌంటెనును ఛైర్మన్ కంటే ముందు వైస్ ఛైర్మన్ చూసేసినట్టేగా! ముత్యాల్రావు గారు మెడలో దండ తీసి మైకుకు తగిలించి వెళ్ళిపోయారు. వేసవంతా కౌన్సిల్ సమావేశం జరగలేదు. కొళాయిలు బాగుచెయ్యమని సంతకం పెట్టేవాళ్ళు లేక సగం ఊరు బిందెలతో పక్క పేటకు నడిచింది. అప్పుడు కమిషనరు శేషాచలపతి గారు రాత్రింబవళ్ళు ఆలోచించి 'ప్రథమ వీక్షణాధికారం' అనే నియమం తయారుచేశారు. దాని ప్రకారం ఊళ్ళో ఏ కొత్త వస్తువునైనా ఛైర్మన్ చూశాకే మిగతావాళ్ళు చూడాలి. కొత్త చెత్తబండి వచ్చినప్పుడు రెండు రోజులు దానికి దుప్పటి కప్పి ఉంచారు.

ఇక ఆఫ్రికా సంగతి. ముచ్చెర్లపాడులో ఆవులూ ఎద్దులూ మునిసిపల్ ఆఫీసు ఎదురుగా నడిరోడ్డు మీద పడుకుంటాయి. జంతువులను క్రమశిక్షణతో ఎలా ఉంచాలో, ఎక్కువ జంతువులున్న చోటికి వెళ్ళి నేర్చుకు రావాలని తీర్మానం చేశారు. మార్చి నెలాఖరులోగా ఖర్చు కాకపోతే మురిగిపోయే నిధులు కూడా ఏవో ఉన్నాయనుకోండి, అది వేరే సంగతి.

అచ్చియ్యమ్మకు సింహంతో పని లేదు. ఏనుగుతోనూ లేదు. ఆవిడకు కావలసింది జిరాఫీ. అది కూడా ఊరికే నిలబడి ఆకులు మేసే జిరాఫీ కాదు, నీళ్ళు తాగే జిరాఫీ.

ఆవిడా, తోడికోడలు మంగాయమ్మా కవల అన్నదమ్ములను ఒకే పందిట్లో, ఒకే ముహూర్తానికి చేసుకున్నారు. ఆ కవలల్లో ఎవరు ముందు పుట్టారో అత్తగారు ఏనాడూ తేల్చి చెప్పలేదు. అడిగితే, "అప్పుడు నాకు ఒళ్ళు తెలిసిందేటే, మీకు చెప్పడానికి!" అనేది. అందువల్ల ఈ ఇద్దరిలో ఎవరు అక్కో, ఎవరు చెల్లో తేలలేదు. నలభై ఎనిమిదేళ్ళుగా ఒకరినొకరు "ఒసే" అనే పిలుచుకుంటున్నారు. ఎరువుల కొట్టువాడు ఇచ్చిన కేలండరులో ఒక జిరాఫీ బొమ్మ వచ్చింది. ఏడాది అయిపోయింది, కాగితాలు చింపేశారు, బొమ్మను మాత్రం గోడ మీదే ఉంచారు. దాన్ని చూస్తూ ఒకనాడు బీరకాయ చెక్కు తీస్తున్న మంగాయమ్మ, "అంత మెడేసుకుని ఇది నీళ్ళెలా తాగుద్దే?" అంది. అక్కడ మొదలైంది.

"కూచుని తాగుద్ది. ఆవు మోకాళ్ళు మడిచినట్టు మడిచి" అని మంగాయమ్మ.

"పక్కనే సింహాలు తిరుగుతుంటే కాళ్ళు మడుచుక్కూచోడానికి దానికేవన్నా పిచ్చా? నిలబడే తాగుద్ది" అని అచ్చియ్యమ్మ.

పందెం కట్టుకున్నారు. ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళను బతికున్నన్నాళ్ళూ "అక్కా" అని పిలవాలి, అది కూడా వీధిలో నలుగురికీ వినపడేలా. పక్కింటి పిల్లలను అడిగి తేల్చుకోవచ్చు కదా అని ఎవరో అన్నారు. "పిల్లలు ఎవరు ముందు పకోడీ పెడితే వాళ్ళ మాటే చెప్తారు. కళ్ళతో చూడాల్సిందే" అని ఇద్దరూ ఒకే గొంతుతో కొట్టిపారేశారు. వాళ్ళిద్దరూ ఒప్పుకున్నది ఆ ఒక్క విషయమే.

ఇప్పుడు అచ్చియ్యమ్మకు ఆఫ్రికా యోగం పట్టింది. మంగాయమ్మకు నిద్ర పట్టడం మానేసింది.

యాత్ర గురించి మొదటి సమావేశంలో కమిషనరు గారు లేచి, కళ్ళజోడు సర్దుకుని ఇలా చదివారు: "గౌరవ సభ్యులకు మనవి చేయునది ఏమనగా, అడవిలో జంతువును ఎవరు చూచినను చూచినట్లే అనుకొనుట పొరపాటు. తగు హోదా గలవారు చూచిన పిమ్మటనే సదరు జంతువు చూడబడినట్లు పరిగణించబడును."

అచ్చియ్యమ్మ చివరి కుర్చీలోంచి చెయ్యెత్తింది. "కమిషనరు బాబూ, నాకో అనుమానమండి. మేం ఇంతమందిమీ వరసగా చూసేదాకా ఆ సింహం ఆగుద్దాండీ?"

"ఆగవలసి యుండును. ఆ మేరకు అచ్చటి జంతువుల పార్కు వారికి లేఖ వ్రాయడమైనది."

ఆ లేఖలో ఏముందో కూడా ఆయనే చదివి వినిపించారు. రాహుకాలం వెళ్ళాక జంతువులన్నీ ఎత్తు ప్రకారం షామియానా పక్కన సిద్ధంగా ఉండాలి. సన్మానం నిమిత్తం సింహం భుజాల కొలత ముందుగా పంపాలి, శాలువా చిన్నదైతే ఫోటోలో బాగుండదు. ఏనుగుకు పూలదండ ఇక్కణ్ణుంచే తేవాలా, అక్కడ దొరుకుతుందా?

వారం తిరక్కుండా జవాబు వచ్చింది. పాపం వాళ్ళు మర్యాదగానే రాశారు. జంతువులు మేం చెప్పినట్టు వినవు, ఎప్పుడొస్తాయో ఎటు పోతాయో చెప్పలేం, శాలువాలు దయచేసి తేవద్దు, బండిలోంచి దిగవద్దు, గట్టిగా మాట్లాడవద్దు అని.

"మాట్లాడొద్దంటారేటండీ! మనం ప్రజలెన్నుకున్న ప్రతినిధులం" అని గంగరాజు గారు బల్ల చరిచారు.

కమిషనరు గారు మాత్రం చలించలేదు. "దీన్ని బట్టి జంతువులు వారి అధీనంలో లేవని స్పష్టమగుచున్నది. బహుశా వేరొక శాఖ పరిధిలో ఉండవచ్చును. ఏ శాఖయో తెలిసికొని తిరిగి వ్రాసెదను. ఈలోగా మన జాగ్రత్తలో మనం ఉండుట శ్రేయస్కరం."

ఆ జాగ్రత్త పేరు పచ్చ తువ్వాలు. సభ్యులందరికీ తలొకటి పంచారు. జంతువు కనిపించిందని డ్రైవరు చెప్పగానే అందరూ తువ్వాలు మొహానికి కప్పుకోవాలి. ఛైర్మన్ గారు చూసి తల ఊపగానే కమిషనరు గారు గంట కొడతారు, వైస్ ఛైర్మన్ తువ్వాలు దించాలి. మళ్ళీ గంట, తరువాతి వారు. గంట వినకుండా చూసినవాళ్ళ చూపు చెల్లదు.

అలవాటు కావాలి కదా, అందుకని మునిసిపల్ పార్కులో రిహార్సల్ పెట్టారు. బందెలదొడ్డిలోంచి ఒక ఎర్ర ఎద్దును తెచ్చి సింహం అన్నారు. ఈనడానికి సిద్ధంగా ఉన్న గేదె ఖడ్గమృగం. వీధిదీపాలు బాగుచేసే నిచ్చెన బండి ఉంది కదా, దాన్ని నిటారుగా పైకి లేపి, చివర పసుపు గుడ్డ చుట్టి, పార్కు మధ్యలో జిరాఫీగా నిలబెట్టారు. సభ్యులందరినీ చెత్తట్రాక్టరు ఎక్కించి, కడిగి శుభ్రం చేసిందే లెండి, పార్కు చుట్టూ తిప్పారు.

ఎద్దు దగ్గర అంతా సవ్యంగా జరిగింది. మధ్యలో అది రెండు సార్లు లేచి వెళ్ళిపోతే దాణా చూపించి మళ్ళీ తెచ్చి నిలబెట్టారు. చిక్కంతా జిరాఫీతో వచ్చింది. ట్రాక్టరు ఇంకా గేటు దాటనే లేదు, ప్రహరీ గోడ మీంచి పసుపు గుడ్డ కనపడుతోంది. పార్కు దాకా రానక్కరలేదు, బస్టాండు నుంచీ కనపడుతోంది. సోడా బండివాడు చూశాడు, రిక్షావాళ్ళు చూశారు, హోటల్లో ఇడ్లీ తినేవాళ్ళు బయటికొచ్చి మరీ చూశారు. ముత్యాల్రావు గారు మాత్రం డ్రైవరు వెనక సీట్లో కూర్చోవడం వల్ల ట్రాక్టరు టాపు అడ్డొచ్చి చూడలేకపోయారు.

"ఊరంతా చూశాక నాకు చూపిస్తారా?" అని ఆయన ట్రాక్టరు దిగిపోయారు.

మరునాడు నోటీసు బోర్డు మీద ఉత్తర్వు అంటించారు. 'అత్యధిక ఎత్తు కారణంగా జిరాఫీ అనబడు జంతువు హోదాతో నిమిత్తము లేకుండా ఎల్లరకూ ఏకకాలమున కనబడుచున్నందున, దానిని వీక్షణ కార్యక్రమము నుండి తొలగించడమైనది. మార్గమధ్యమున ఎదురైన యెడల సభ్యులందరూ నేలచూపు చూడవలెను.'

ఆ కబురు అచ్చియ్యమ్మ కంటే ముందు మంగాయమ్మకు చేరింది. ఆవిడ గడప మీద కూర్చుని ఎదురుచూస్తోంది.

"ఏమే, ఆఫ్రికా వెళ్ళి నేలచూపులు చూస్తావంటగా! ఆ చూపులేవో ఇక్కడ చూస్తే మన గుమ్మంలో చీమలన్నా కనపడతాయి కదే."

"ఇంకా నెల రోజులుంది. నువ్వు నోరు అలవాటు చేసుకుంటూ ఉండు. అక్కా, అక్కా అని."

అలా అనేసిందే గానీ అచ్చియ్యమ్మకు దిగులు పట్టుకుంది. సముద్రాలు దాటి వెళ్ళి, జిరాఫీ పక్కనుంచి తల దించుకుని పోవడమా! పోనీ దొంగచూపు చూద్దామా అంటే, గంట కొట్టకుండా చూసింది చెల్లదు. చెల్లని చూపుతో గెలిచానంటే మంగాయమ్మ ఊరుకుంటుందా? ఆ రోజు పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది. అన్నం కలుపుకుంటూ గోడ మీద బొమ్మ వంక చూసింది. పొడుగు తల, పొడుగు మెడ, పొట్ట, కాళ్ళు. పెళ్ళిళ్ళలో పొట్టేలు కోసినప్పుడు ఎవరి వాటా వాళ్ళకు పంచేవాళ్ళు ఆవిడ పుట్టింటి వైపు. తలకాయ ఊరిపెద్దకు, తొడ మేనమామకు, అలా. ఎవరికీ తగువు ఉండేది కాదు.

ఆ తరువాతి సమావేశంలో అచ్చియ్యమ్మ లేచి నిలబడింది.

"ఛైర్మన్ బాబూ, జిరాఫీ మొత్తాన్ని ఒకేసారి ఎవరు చూడమన్నారండి? పంచేసుకుంటే పోలా? తల మీది. అంత ఎత్తున ఉండేది మీకు గాక ఇంకెవరికి తగుద్దండీ? మెడ గంగరాజు బాబుది. వీపూ పొట్టా మిగతావోళ్ళు సర్దుకుంటారు. నేను కడగొట్టుదాన్ని, మోకాళ్ళ కింద కాళ్ళు నాకు పారెయ్యండి, చాలు. తల తలే, కాళ్ళు కాళ్ళే. ఒకరి వాటా ఒకరు చూసినట్టెలా అవుద్దండీ?"

ముత్యాల్రావు గారు మీసం దువ్వుకున్నారు. 'తల మీది' అన్న మాట ఆయనకు బాగా నచ్చింది. గంగరాజు గారు మెడ పొడుగెంతని అడిగారు. తలకంటే చాలా ఎక్కువని తెలిసి, పైకి తెలియనివ్వకుండా సంతోషించారు. కమిషనరు గారి కళ్ళు చెమర్చాయి.

"పరిధుల విభజన!" అన్నారాయన. "జంతువును వార్డులుగా విభజించుట! ఇన్నేళ్ళ సర్వీసులో నాకు తట్టలేదమ్మా."

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. టౌన్ ప్లానింగ్ వాళ్ళు జిరాఫీ బొమ్మ గీసి, హద్దులు పెట్టి, ఏ భాగం ఎవరిదో రంగులు వేశారు. తోక కోసం ఏడో వార్డు, పన్నెండో వార్డు పోట్లాడుకుంటే, దాన్ని ఉమ్మడి ఆస్తి కింద ఉంచారు. ఎవరి వాటా వాళ్ళకే కనపడేలా తలొక అట్ట ఇచ్చారు. కళ్ళ ముందు పెట్టుకుంటే, అందులో కోసిన సందులోంచి ఆ భాగం మాత్రమే కనపడుతుంది. ఛైర్మన్ గారి అట్టకు సందు పైన. అచ్చియ్యమ్మ అట్టకు అట్టడుగున.

ఆఫ్రికా చేరారు. పైన కప్పు లేని పెద్ద బండి, ఒటియేనో అని నవ్వుమొహం డ్రైవరు. మొదటి రోజు పొద్దున్నే అతను బండి ఆపి, మెల్లగా "సింహం" అన్నాడు. పచ్చ తువ్వాళ్ళన్నీ ఒక్కసారిగా మొహాల మీదికి లేచాయి. ఇరవై ఏళ్ళుగా ఆ అడవిలో బండి తోలుతున్న ఒటియేనో, సింహాన్ని చూడడానికి వచ్చి మొహాలు కప్పుకున్న మనుషుల్ని ఎన్నడూ చూడలేదు. కుడివైపు సింహం. ముత్యాల్రావు గారు ఎడమవైపు తిరిగి ఫోనులో క్రాపు సరిచేసుకుంటున్నారు. ఆయన తిరిగేసరికి గడ్డి మాత్రమే ఊగుతోంది. కమిషనరు గారు రాసుకున్నారు: 'సింహము గైర్హాజరు.'

ఏనుగు కొంత నయం. ఛైర్మన్ చూశారు, వైస్ ఛైర్మన్ చూశారు, మూడో వార్డు చూసింది, నాలుగో వార్డు తువ్వాలు ముడి విప్పుకునేసరికి అది చెట్లలోకి వెళ్ళిపోయింది. మిగతావాళ్ళకు 'పెండింగ్' అని రాశారు. అచ్చియ్యమ్మ తువ్వాలు లోపలే కూర్చుని ఏనుగు కొమ్మలు విరిచే చప్పుడు వింది. చప్పుడు మీద ఎవరికీ అధికారం లేదు కాబట్టి అది ఆవిడకు పూర్తిగా దక్కింది.

మూడో రోజు ఎండ చల్లబడే వేళ ఒక నీటి మడుగు దగ్గర బండి ఆగింది. అవతలి గట్టు మీద జిరాఫీ. ఒటియేనో తువ్వాళ్ళ కోసం చూశాడు. ఈసారి అందరూ అట్టలు తీయడంతో అతను స్టీరింగు మీద తల వాల్చి మెల్లగా నవ్వుకున్నాడు.

గంట మోగింది. "తల బ్రహ్మాండంగా ఉందయ్యా!" అన్నారు ఛైర్మన్ గారు. "మెడ ఇంకా బాగుందండీ" అన్నారు గంగరాజు గారు. పొట్టలు, వీపులు అన్నీ చూశారు. అచ్చియ్యమ్మ తన సందులోంచి చూసింది. నాలుగు కాళ్ళు, నాలుగు గిట్టలు, తడి మట్టి. అది నీటి అంచుకు వచ్చింది.

ముందు కాళ్ళు మడుస్తుందా? మడవలేదు. చక్కగా నిలబడి ఉందా? ఊహూఁ. ఒక కాలు కొంచెం పక్కకు జరిపింది. రెండో కాలు ఇటు పక్కకు. మళ్ళీ ఆ కాలు, మళ్ళీ ఈ కాలు, జారుతూ, బారజాపుకుంటూ, నులకమంచం కాళ్ళు ఊడిపోతున్నట్టు.

"కమిషనరు గారూ!" అని ఛైర్మన్ గారు కేక పెట్టారు. "నా తల ఏదండీ? ఇప్పుడే ఉంది, ఇప్పుడు లేదు!"

"మెడ కూడా పోయిందండోయ్!" అని గంగరాజు గారు.

"ఇక్కడుంది బాబూ" అంది అచ్చియ్యమ్మ, అట్ట మీంచి కన్ను తియ్యకుండా. "నా దగ్గరికొచ్చింది. నీళ్ళు తాగుతాంది. ఎంత బాగా తాగుతాందో, చెవులూపుకుంటా!"

"నా తల ఆవిడ దగ్గరికెలా వెళ్ళిందండీ? వెంటనే వెనక్కి ఇప్పించండి!"

కమిషనరు గారు గబగబా తీర్మానం తిరగేశారు. చమట తుడుచుకున్నారు. "అయ్యా, హద్దులను ఎత్తును బట్టి నిర్ణయించడమైనది. మోకాళ్ళకు దిగువన కనబడునదంతయూ పంతొమ్మిదో వార్డు పరిధి. తమరి తల ప్రస్తుతం సదరు వార్డుకు డెప్యుటేషన్ మీద వెళ్ళినట్లు భావించవలెను. అది మాతృశాఖకు తిరిగి చేరువరకు, సభ్యురాలి అనుమతి లేనిదే తమరు చూడరాదు."

బండి మొత్తం అచ్చియ్యమ్మ వైపు తిరిగింది. ముత్యాల్రావు గారు గొంతు సవరించుకున్నారు. ఎన్నికలప్పుడు తప్ప ఆయన గొంతు అంత మెత్తగా ఎవరూ వినలేదు. "అచ్చియ్యమ్మ గారూ... కొంచెం చూడనిస్తారా?"

"అయ్యో, దానికి అడగాలేటి బాబూ! ఓయ్, అందరూ ఆ అట్టలు అవతల పారేసి చూడండి. నా వార్డులోకి వచ్చింది, నా ఇష్టం. త్వరగా చూడండి, లేచిపోతే మళ్ళీ ఛైర్మన్ గారిదైపోద్ది!"

అట్టలు టపటపా కిందపడ్డాయి. ముచ్చెర్లపాడు పురపాలక సంఘం చరిత్రలో సభ్యులందరూ ఒకే వస్తువును ఒకేసారి చూడడం అదే మొదలు. ఛైర్మన్ గారూ, వైస్ ఛైర్మన్ గారూ ఒకే సీటు మీదికెక్కి, ఒకరి భుజం ఒకరు పట్టుకుని చూశారు. కమిషనరు గారు గంట కొట్టడం మరిచిపోయారు. ఏడో వార్డు, పన్నెండో వార్డు తోక సంగతే ఎత్తలేదు. జిరాఫీ కడుపు నిండా తాగింది. తల ఎత్తి, మూతినుంచి నీళ్ళు కారుస్తూ, వీళ్ళందరినీ వరసా వావీ లేకుండా చూసింది.

తిరిగి వచ్చాక కమిషనరు గారు నివేదిక సమర్పించారు. ఆఫ్రికాలో కూడా జంతువులు తమకు తోచినప్పుడు రోడ్డుకడ్డంగా పడుకుంటాయనీ, అవి లేచేదాకా బండ్లే ఆగుతాయనీ, ఈ విషయంలో ముచ్చెర్లపాడు ఇప్పటికే ఆ ప్రమాణాలను అందుకుందనీ. కౌన్సిలు చప్పట్లతో ఆమోదించింది. బయట ఎర్ర ఎద్దు పడుకునే ఉంది.

అచ్చియ్యమ్మ బస్సు దిగీ దిగకముందే మంగాయమ్మ ఎదురొచ్చింది. సంచి కూడా అందుకోలేదు.

"కూచుందా?"

"లేదు."

"నించుందా?"

అచ్చియ్యమ్మ అబద్ధమాడుదామనే అనుకుంది. నోరు రాలేదు. సంచి కింద పెట్టి, చీర కుచ్చిళ్ళు కాస్త పైకెత్తి, నడివీధిలో ఆ కాలు అటు, ఈ కాలు ఇటు జరిపి, ముందుకు వంగి చూపించింది. "ఇలాగ."

మంగాయమ్మ చుట్టూ తిరిగి చూసింది. "కాళ్ళు చాపింది కదే? చాపడవంటే సగం కూచున్నట్టే. నువ్వే అక్కా అను."

"మోకాలు నేలకానలేదు కదే? సగం నించున్నట్టే. నువ్వే అను."

"నీ చూపు నేన్నమ్మను. నా కళ్ళతో నేను చూసుకోవాలి." మంగాయమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని ఒక నిమిషం ఆలోచించింది. "మళ్ళీ ఎలక్షన్లెప్పుడే?"

"ఎందుకే?"

"పంతొమ్మిదో వార్డుకి నేన్నిలబడతాను."

"నా మీదా?"

"ఆ కాళ్ళు నీ వార్డులోనే ఉన్నాయి కదే మరి, ఇంకెక్కడ నిలబడమంటావ్!"

నామినేషన్ల రోజు ఇద్దరూ ఒకే రిక్షాలో మునిసిపల్ ఆఫీసుకు వెళ్ళారు. కిటికీ దగ్గర, "మీలో ముందు ఎవరమ్మా?" అని గుమాస్తా అడిగాడు. మధ్యాహ్నం మూడింటికి గడువు ముగిసి కిటికీ మూసేసేసరికి కూడా వాళ్ళింకా ఆ మాటే తేల్చుకుంటున్నారు.